మీకు తెలుసా? మొండి కంప్యూటర్ల ముచ్చట్లు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమో గానీ, మొన్న మే నెలలో బండికి ఫోను తగిలించుకుని మ్యాపు చూస్తూ వెళ్తుంటే ఊరు చేరకముందే అది చేతులెత్తేసింది. బాగా వేడెక్కిపోయానని ఒక నోటీసు పెట్టి తెర నల్లగా చేసుకుంది. చెట్టు నీడన ఆగి, చెరుకురసం తాగి, అయ్యగారు చల్లబడ్డాక మళ్లీ బయల్దేరాను. నాకు పోయింది పావుగంటే. యుద్ధట్యాంకులోనో, క్షిపణిలోనో కూర్చున్న కంప్యూటరు ఇలా అలిగితే అక్కడ చెరుకురసం బండి ఉండదు.

అందుకే సైన్యం కోసం వేరే జాతి కంప్యూటర్లు తయారవుతాయి. వాటికి వేగం ముఖ్యం కాదు, మొండితనం ముఖ్యం. ఈసారి వాటి కబుర్లు.

మూడు రకాల చిప్పులు

మామూలు చిప్పును 0 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ దాకా పనిచేస్తుందన్న పూచీతో అమ్ముతారు. ఫ్యాక్టరీల్లో వాడే రకమైతే మైనస్ 40 నుంచి 85. మిలిటరీ రకానికి మైనస్ 55 నుంచి 125. నీళ్లు మరిగే వేడిని దాటి ఇంకో పాతిక డిగ్రీలన్నమాట. తమాషా ఏమిటంటే, చాలాసార్లు మూడింటి లోపల ఉండే సిలికాన్ ముక్క ఒకటే. తేడా పైన వేసే తొడుగులోనూ, పెట్టే పరీక్షల్లోనూ ఉంటుంది. ప్లాస్టిక్ బదులు పింగాణీ తొడుగు, ఒక్కొక్క చిప్పునీ వేడిలోనూ చలిలోనూ పెట్టి చూడడం. ధర మాత్రం ఆకాశంలో ఉంటుంది.

ఫిరంగి గుండులో రేడియో

కంప్యూటర్లు పుట్టకముందే ఎలక్ట్రానిక్స్‌ని ఫిరంగిలో పెట్టి పేల్చారని మీకు తెలుసా?

రెండో ప్రపంచయుద్ధంలో ఎగిరే విమానాన్ని నేలమీది ఫిరంగితో కొట్టడమంటే చీకట్లో దోమను కొట్టడమే. గుండు సరిగ్గా తగలక్కర్లేదు, పక్కన పేలినా చాలు. కానీ ఎప్పుడు పేలాలో దానికి తెలియాలి కదా! అప్పటిదాకా ఇన్ని సెకన్లకు పేలమని ముందే తిప్పి పెట్టి పంపేవాళ్లు. లెక్క కాస్త తప్పితే మందు దండగ. గుండు ముక్కులోనే బుల్లి రేడియో పెడితే, అది తరంగాలు పంపుతూ, విమానానికి తగిలి తిరిగొచ్చిన తరంగాన్ని బట్టి తనే పేలుతుంది కదా అన్న ఆలోచన బ్రిటన్‌లో పుట్టింది. పండింది మాత్రం అమెరికాలో, మెర్లే ట్యూవ్ అనే భౌతికశాస్త్రవేత్త నడిపిన ‘సెక్షన్ టి’ బృందం చేతుల్లో.

చిక్కల్లా గాజుతోనే. అప్పటికి ట్రాన్సిస్టర్ లేదు, ఉన్నది వాక్యూమ్ ట్యూబు. అంటే గాజు బుడ్డి. ఫిరంగి పేలిన క్షణంలో గుండు మీద పడే ఒత్తిడి భూమ్యాకర్షణకు 20 వేల రెట్లదాకా ఉంటుంది. పది గ్రాముల వస్తువు ఆ క్షణానికి రెండు క్వింటాళ్లవుతుంది. వినికిడి యంత్రాల్లో వాడే చిట్టి ట్యూబులు తెచ్చి, లోపలి తీగకు స్ప్రింగు ఊతమిచ్చి, రబ్బరు గిన్నెల్లో కూర్చోబెట్టి, మైనం పోసి బిగించారు. పరీక్ష కోసం వాటిని నిట్టనిలువుగా ఆకాశంలోకి పేల్చి, కిందపడ్డాక పొలంలో తవ్వి తీసి, ఏది బతికిందో చూసుకునేవాళ్లు.

నన్నడిగితే అందులో గొప్ప తెలివంతా బ్యాటరీలో ఉంది. గోదాములో నెలల తరబడి పడి ఉంటే ఏ బ్యాటరీ అయినా చచ్చిపోతుంది. అందుకని దాని ద్రవాన్ని విడిగా ఒక గాజు బుడ్డిలో పోసి పెట్టారు. ఫిరంగి పేలిన కుదుపుకు బుడ్డి పగులుతుంది. గుండు గిరగిరా తిరిగే ఊపుకు ద్రవం పలకల మధ్యకు పాకుతుంది. అప్పుడే కరెంటు పుడుతుంది. గుండును చంపాల్సిన దెబ్బే దానికి ప్రాణం పోస్తుంది!

1943 జనవరి 5న అమెరికా యుద్ధనౌక హెలెనా ఈ రకం గుండుతో మొదటిసారి ఒక జపాన్ విమానాన్ని కూల్చింది. యుద్ధం ముగిసేసరికి ఇలాంటి రేడియో ఫ్యూజులు రెండు కోట్లకు పైగా తయారయ్యాయి. పేలని గుండు శత్రువుకు దొరికితే గుట్టు పోతుందని మొదట్లో సముద్రం మీదే వాడనిచ్చారు. ఐరోపా రణరంగంలో నేలసైన్యం చేతికి వచ్చింది 1944 డిసెంబరులోనే.

ఎనిమిది కిలోబైట్ల క్షిపణి

1962లో అమెరికా నేలమాళిగల్లో నిలబెట్టిన మినిట్‌మ్యాన్ అణుక్షిపణికి దారి చూపిన కంప్యూటరు పేరు డి-17బి. బరువు సుమారు 28 కిలోలు. లోపల 1,521 ట్రాన్సిస్టర్లు, 6,282 డయోడ్లు. జ్ఞాపకమంతా నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఒక అయస్కాంత పళ్లెం మీద ఉండేది. దాని మీద పట్టేవి 24 బిట్ల మాటలు 2,727. లెక్కేస్తే ఎనిమిది కిలోబైట్లు. మీరు పొద్దున్నే వాట్సాప్‌లో పంపే గులాబీ పువ్వు ‘శుభోదయం’ బొమ్మ అందులో పట్టదు. ఆ ఎనిమిది కిలోబైట్లతోనే అణుబాంబు ఖండాలు దాటగలిగేది.

ఆ పళ్లెం నెలలూ ఏళ్లూ ఆగకుండా తిరుగుతూనే ఉండాలి. ఆజ్ఞ వచ్చాక ఆన్ చేసి, వేడెక్కే దాకా ఆగే తీరిక ఉండదు మరి.

తర్వాత వచ్చిన మినిట్‌మ్యాన్-2లో విడివిడి ట్రాన్సిస్టర్లు తీసేసి ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లు పెట్టారు. అప్పట్లో వాటిని అంత ధర పెట్టి కొనే నాథుడు లేడు. 1960లలో వాటిని పెద్దఎత్తున కొన్నవి రెండే, ఈ క్షిపణీ, చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో నౌకా. కొన్నకొద్దీ ధర దిగింది. ఇవాళ మన జేబులోని ఫోనుకు ఆ రెండూ మేనమామల వంటివి. పాతబడిన డి-17బి యంత్రాల్ని ఆ తర్వాత అమెరికాలోని విశ్వవిద్యాలయాలకు ఇచ్చేశారు. విద్యార్థులు వాటి మీద ప్రోగ్రాములు రాసుకున్నారు.

28 ఏళ్లు నోరు విప్పని చిప్పు

ప్రపంచంలో మొదటి మైక్రోప్రాసెసర్ ఏది? పోటీ పరీక్షల పుస్తకాల్లో ఇంటెల్ 4004 అని ఉంటుంది, 1971 నవంబరులో వచ్చింది. కానీ అంతకు ఏడాది ముందే, 1970 మధ్యలో, అమెరికా నౌకాదళపు ఎఫ్-14 టామ్‌క్యాట్ విమానం కోసం స్టీవ్ గెల్లర్, రే హోల్ట్ అనే ఇంజనీర్లు కొన్ని చిప్పులు కలిపి 20 బిట్ల కంప్యూటర్ పూర్తిచేశారు. ఆ విమానం రెక్కలు ఎగురుతుండగానే ముందుకూ వెనక్కూ జరుగుతాయి. ఎత్తు ఎంత, వేగం ఎంత, రెక్క ఎంత జరపాలి అన్న లెక్కలు ఆ చిప్పులవి. రక్షణ రహస్యమని బయటికి చెప్పనివ్వలేదు. 1998లో గానీ హోల్ట్‌కు తన పని గురించి ప్రచురించుకునే అనుమతి రాలేదు.

పని మొత్తం ఒకే చిప్పులో లేదు కాబట్టి అది మైక్రోప్రాసెసరే కాదని వాదించేవాళ్లూ ఉన్నారు. నా ఓటు మాత్రం పరీక్ష హాల్లో 4004కే. మార్కులు ముఖ్యం కదా.

ఫ్యాన్ లేదు, గాలీ లేదు

మన ఇంటి కంప్యూటర్ని ఫ్యాను చల్లబరుస్తుంది. యుద్ధట్యాంకులో ఫ్యాను పెడితే రాజస్థాన్ ఇసుకంతా లోపలికి పీలుస్తుంది. ఓడలో పెడితే ఉప్పుగాలిని పీలుస్తుంది. విమానంలోనేమో పైకి పోయేకొద్దీ పీల్చడానికి గాలే పలుచబడుతుంది. అందుకని పెట్టెను గట్టిగా మూసేసి, వేడిని లోహం గుండా బయటికి పంపుతారు. కార్డు మీది చిప్పుల వేడి అల్యూమినియం చట్రంలోకి, చట్రం నుంచి పెట్టె గోడలోకి. చట్రానికీ గోడకూ మధ్య వెంట్రుకంత సందున్నా వేడి అక్కడే నిలిచిపోతుంది. అందుకే కార్డు అంచుల్లో వెడ్జ్ లాక్ అనే బిగింపు ఉంటుంది. స్క్రూ తిప్పితే చిన్నచిన్న ఏటవాలు ముక్కలు ఒకదాని మీదికొకటి ఎక్కి, అంచును గోడకు అదిమేస్తాయి. గొడ్డలి కర్ర వదులైతే మన ఊరి వడ్రంగి చీల కొడతాడు చూడండి, అదే ఉపాయం. పైగా కార్డు కదలకుండా కూడా పట్టుకుంటుంది.

చలిది ఇంకో గోల. లేహ్ పట్టణం దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది, సియాచిన్ శిబిరాలు దానికీ పైన. మామూలు హార్డ్‌డిస్క్‌ను చాలా కంపెనీలు మూడు వేల మీటర్లు దాటి వాడొద్దంటాయి. కారణం చలి ఒక్కటే కాదు. డిస్కు మీది సమాచారాన్ని చదివే తల ఆ పళ్లేన్ని తాకదు, తిరుగుడుకు పుట్టే సన్నని గాలిపొర మీద తేలుతుంది. గాలి పలుచబడితే తల కిందికి దిగి పళ్లేన్ని గీకేస్తుంది. కదిలే భాగాల్లేని ఎస్‌ఎస్‌డీలు రాకముందు సైన్యం కోసం డిస్కునే గాలి చొరని డబ్బాలో బిగించేవాళ్లు.

అడిగితేనే మాట్లాడాలి

యుద్ధవిమానంలో రాడారు, ఆయుధాలు, దిక్సూచి యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగకు మిల్-స్టాండర్డ్-1553 అని పేరు. పుట్టింది 1973లో. వేగం సెకనుకు పది లక్షల బిట్లు. మీ ఇంటి వైఫై దీన్ని చూసి నవ్వుతుంది. కానీ ఎఫ్-16తో మొదలుపెట్టి మన తేజస్ దాకా అదే తీగ. ఎందుకంటే దాని పద్ధతి పాతకాలపు హెడ్‌మాస్టరు తరగతి. ఒక్కరే మాస్టారు, గరిష్ఠంగా 31 మంది పిల్లలు. మాస్టారు పేరు పెట్టి పిలిచినప్పుడే జవాబు చెప్పాలి, చెప్పి కూర్చోవాలి. ఇద్దరు ఒకేసారి అరిచే గొడవే లేదు. ఏ కబురు ఎన్ని మైక్రోసెకన్లలో చేరుతుందో ముందే చెప్పొచ్చు. ఒక తీగ తెగితే పక్కనే రెండోది సిద్ధం. ఇంతకన్నా వేగంగా పోయేవి చాలా వచ్చాయి, దీన్ని తీసేయడానికి మాత్రం ఎవరికీ చేతులు రావడం లేదు.

ఆమె పుట్టినరోజున పుట్టిన భాష

1970లలో అమెరికా రక్షణశాఖ లెక్క చూసుకుంటే తన ప్రాజెక్టుల్లో 450కి పైగా కంప్యూటర్ భాషలున్నాయని తేలింది. ఒక ఆయుధానికి రాసింది ఇంకోదానికి పనికిరాదు. రాసినవాడు రిటైరైతే అర్థం చెప్పేవాడుండడు. ఒక్క భాష కావాలని పోటీ పెట్టారు. పక్షపాతం రాకూడదని పోటీదారుల్ని పేర్లతో కాక ఆకుపచ్చ, ఎరుపు, నీలం, పసుపు అని రంగులతో పిలిచారు. 1979లో ఆకుపచ్చ గెలిచింది. అది ఫ్రాన్స్‌లో జాన్ ఇష్‌బియా బృందం తయారుచేసినది.

దానికి పెట్టిన పేరు ఏడా. కవి బైరన్ కూతురు, ప్రపంచంలో మొదటి ప్రోగ్రామరని చాలామంది చెప్పే ఏడా లవ్‌లేస్ పేరది. ఆమె పుట్టింది 1815 డిసెంబరు 10న. భాష ప్రమాణపత్రానికి ఆమోదం ఇచ్చింది 1980 డిసెంబరు 10న. పత్రం నంబరు మిల్-స్టాండర్డ్-1815. రక్షణశాఖ గుమాస్తాలకు ఇంత రసికత ఉంటుందని నేననుకోలేదు.

ఏడా పట్టుదల ఏమిటంటే, తప్పు ఉంటే ఎగిరేటప్పుడు కాదు, రాసేటప్పుడే బయటపడాలి. మీటర్లను సెకన్లతో కూడబోతే, ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలరే ఒప్పుకోకుండా చేసే వీలు అందులో ఉంది. కుర్రకారుకు ఈ చాదస్తం నచ్చలేదు. ఏడాయే వాడాలన్న నిబంధనను 1997లో ఎత్తేశారు. ఎఫ్-35 విమానానికి సి ప్లస్ ప్లస్ భాషను ఎంచుకున్నారు, దానికి ఏం రాయకూడదో చెప్పే లావుపాటి నియమావళి మాత్రం జోడించారు. మన దగ్గర తేజస్ విమాన నియంత్రణ సాఫ్ట్‌వేర్ ఏడాలోనే ఉంది. 2025లో ఇస్రో, మొహాలీలోని సెమీకండక్టర్ లేబొరేటరీ కలిసి రాకెట్ల కోసం తెచ్చిన 32 బిట్ల విక్రమ్-3201 చిప్పు కూడా ఏడాను అర్థం చేసుకునేలా చేసిందే. మైనస్ 55 నుంచి 125 అని పైన చెప్పానే, దానికీ అదే కొలత.

పదో వంతు సెకను, 28 ప్రాణాలు

ఈ ముచ్చట కొంచెం నిదానంగా చదవండి.

1991 ఫిబ్రవరి 25, గల్ఫ్ యుద్ధం. సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో అమెరికా సైనికులు పడుకునే షెడ్డు మీద ఇరాక్ స్కడ్ క్షిపణి పడి 28 మంది చనిపోయారు. అక్కడ కాపలాగా పేట్రియాట్ క్షిపణులున్నాయి. అవి చెడిపోలేదు. రాడారూ పనిచేస్తూనే ఉంది. అయినా ఒక్క పేట్రియాట్ కూడా ఎగరలేదు.

పేట్రియాట్ కంప్యూటరు కాలాన్ని సెకనులో పదో వంతు చొప్పున లెక్కపెట్టుకునేది. మనకు పదో వంతు అంటే 0.1, అక్కడితో అయిపోయింది. కంప్యూటరుకున్న అంకెలు సున్నా, ఒకటీ మాత్రమే. మూడో వంతును మనం 0.333 అని రాసుకుంటూ పోతే ఎలా తెగదో, పదో వంతు దానికలా తెగదు. ఎక్కడో ఒకచోట తుంచాలి. 24 బిట్ల దగ్గర తుంచారు. తప్పిపోయింది సెకనులో కోటో వంతు కన్నా తక్కువ. పైసాకు కూడా రాని తేడా.

కానీ ఆ రోజుకు ఆ కంప్యూటర్ 100 గంటలుగా ఆపకుండా నడుస్తోంది. అంటే 36 లక్షల పదోవంతులు. పైసా పైసా కూడితే సెకనులో మూడో వంతు తేడా వచ్చింది. స్కడ్ సెకనుకు కిలోమీటరున్నర దాటి దూసుకొస్తుంది. మూడో వంతు సెకనుకు అర కిలోమీటరు పైమాటే. రాడార్ ఒకసారి స్కడ్‌ను చూసింది. తర్వాతి క్షణంలో అదెక్కడుండాలో లెక్క వేసి అక్కడ వెతికింది. లెక్క తప్పడంతో అక్కడ ఖాళీ ఆకాశం కనిపించింది. ఇంకేముంది, మొదట చూసింది భ్రమే అనుకుని ఊరుకుంది.

ఇందులో ఎవర్ని తిట్టాలి? పేట్రియాట్‌ను మొదట తయారుచేసింది విమానాల్ని కొట్టడానికి, చోటు మారుస్తూ కొన్ని గంటలు మాత్రమే నడపడానికి. నాలుగు రోజులు ఒకేచోట ఆపకుండా నడుపుతారని దాన్ని చేసినవాళ్లు ఊహించలేదు. ఎనిమిది గంటలకే గురి జరుగుతోందని ఇజ్రాయెల్ సైన్యం గమనించి ఫిబ్రవరి 11నే చెప్పింది. సవరించిన సాఫ్ట్‌వేర్ 16కి తయారైంది. 21న అన్ని దళాలకూ కబురు వెళ్లింది, ‘మరీ ఎక్కువసేపు నడిపితే గురి జరగొచ్చు’ అని. మరీ ఎక్కువసేపంటే ఎంత? ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆపి మళ్లీ ఆన్ చేస్తే గడియారం సున్నా నుంచి మొదలయ్యేది. ఆ పనికి పట్టేది ఒకటి, ఒకటిన్నర నిమిషం. కొత్త సాఫ్ట్‌వేర్ దహ్రాన్ చేరింది ఫిబ్రవరి 26న. మర్నాడు.

సున్నాతో భాగిస్తే

1997 సెప్టెంబరులో అమెరికా యుద్ధనౌక యార్క్‌టౌన్ సిబ్బందిలో ఒకరు కంప్యూటర్లో ఒక గడిలో సున్నా కొట్టారు. ప్రోగ్రాము ఆ సున్నాతో భాగించబోయింది. నెట్‌వర్క్ కుప్పకూలింది, ఇంజన్లు ఆగాయి, నౌక రెండు గంటల ముప్పావు నీళ్లమీద తేలుతూ కూర్చుంది. ఆరో తరగతి లెక్కల మాస్టారు చెప్పిందే!

2007 ఫిబ్రవరిలో ఆరు ఎఫ్-22 విమానాలు హవాయి నుంచి జపాన్ వెళ్తూ అంతర్జాతీయ దినరేఖ దాటాయి. దాటగానే దారి చూపే కంప్యూటర్లు ఒక్కసారిగా పడిపోయాయి. వెంట ఇంధనం మోసే ట్యాంకర్ విమానాలున్నాయి కాబట్టి తల్లికోడి వెంట పిల్లల్లా వెనక్కి వచ్చేశాయి. రెండు రోజుల్లో సాఫ్ట్‌వేర్ దిద్దారు. ఒక్కొక్కటి వంద మిలియన్ డాలర్లు దాటిన విమానాలు. ఆ రేఖ దాటడం మాత్రం వాటికి నేర్పలేదు.

ఇవ్వనన్నవాళ్ల పుణ్యం

తేజస్‌ను స్వతహాగా నిలకడ లేని విమానంగా తయారుచేశారని మీకు తెలుసా? నిలకడ లేకపోతేనే చురుగ్గా మలుపు తిరుగుతుంది. కానీ మనిషి చేతులు దాన్ని అదుపు చేయలేవు, క్షణక్షణం కంప్యూటరే దిద్దాలి. ఒక కంప్యూటర్‌ను నమ్మి పైలట్‌ను పంపలేరు కాబట్టి నాలుగు వరసలు పెట్టారు. నాలుగూ ఒకే లెక్క చేస్తాయి. ఒకటి తేడాగా చెబితే మిగతా మూడూ దాన్ని వెలివేస్తాయి. మన ఊరి పంచాయతీయే.

ఈ విమాన నియంత్రణ పనికి మన ఇంజనీర్లు అమెరికాలో ఒక పెద్ద కంపెనీతో కలిసి కూర్చున్నారు. 1998 మేలో పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిగాయి, ఆంక్షలు వచ్చిపడ్డాయి. మనవాళ్లను పంపించేశారు. మిగిలిన పనంతా బెంగళూరులోనే చేసుకోవాల్సి వచ్చింది. 2001 జనవరి 4న వింగ్ కమాండర్ రాజీవ్ కొఠియాల్ తేజస్‌ను తొలిసారి గాలిలోకి లేపారు. ఆ కార్యక్రమాన్ని నడిపించిన డైరెక్టరు కోట హరినారాయణ ఆ తర్వాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలరుగా వచ్చారు.

హైదరాబాద్ అన్నాక ఇంకో రెండు మాటలు. 1988లో డీఆర్‌డీవో ఇక్కడ ‘అనురాగ్’ అని ఒక సంస్థ పెట్టింది. పేరు చూసి పెళ్లి సంబంధాల ఆఫీసు అనుకునేరు! విదేశాలు సూపర్ కంప్యూటర్లు అమ్మడానికి సవాలక్ష కొర్రీలు పెడుతున్న రోజులవి. క్షిపణి, విమానం చుట్టూ గాలి ఎలా పారుతుందో లెక్కించే ‘పేస్’ అనే కంప్యూటర్‌ను అక్కడ తయారుచేశారు, ‘అనుపమ’ అనే ప్రాసెసర్‌నూ గీశారు. క్షిపణి కడుపులో కూర్చునే ఎలక్ట్రానిక్స్ పని ఊరి చివరి రీసెర్చ్ సెంటర్ ఇమారత్‌ది. వీటన్నిటికీ ముందే, 1967లో పుట్టిన ఈసీఐఎల్ 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను తెచ్చింది. ఆ సంస్థను నడిపిన అయ్యగారి సాంబశివరావు పశ్చిమగోదావరి మోగల్లు మనిషి. మీరు రోజూ బస్సెక్కే ఏఎస్ రావు నగర్ ఆయన పేరే.

తగరం మీసాలు

ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టే తగరం తెలుసుగా? ఎలక్ట్రానిక్ భాగాల మీద ఒట్టి తగరం పూస్తే కొన్నాళ్లకు దానికి మీసాలు మొలుస్తాయి. నిజంగానే. వెంట్రుకకన్నా సన్నని లోహపు పోగులు వాటంతటవే పెరిగి పక్క తీగను తాకి షార్ట్ చేస్తాయి. 1998 మేలో గెలాక్సీ-4 ఉపగ్రహం పోయి అమెరికాలో పేజర్లు మూగబోవడానికి కారణం ఈ మీసాలేనని తేల్చారు. కాస్త సీసం కలిపితే మొలవవు. కానీ సీసం విషమని 2006లో ఐరోపా నిషేధించింది. సైన్యానికి మినహాయింపు ఉంది, చిప్పులు చేసేవాళ్లు మాత్రం అందరికీ సీసం మానేశారు. అందుకని కొన్న చిప్పుల కాళ్లను మళ్లీ సీసం కలిసిన టంకంలో ముంచి కళాయి పెట్టుకునే పని సైనిక పరికరాలు చేసేవాళ్ల నెత్తిన పడింది.

ఎనిమిది అంగుళాల ఫ్లాపీ

అమెరికా అణ్వాయుధ దళాలకు అత్యవసర ఆజ్ఞలు చేరవేసే వ్యవస్థ 2019 దాకా 1970ల నాటి ఐబీఎం కంప్యూటర్ మీద, ఎనిమిది అంగుళాల ఫ్లాపీ డిస్కులతో నడిచింది. ఈ తరం పిల్లలకు ఆ ఫ్లాపీ చూపిస్తే విసనకర్ర అనుకుంటారు. పాతదైతేనేం, ఇంటర్నెట్‌కు తగిలించనిదాన్ని దూరం నుంచి ఎవడు దోస్తాడు?

ఆ వంకను పక్కన పెడితే, అసలు బాధ వేరే. విమానం ముప్పై నలభై ఏళ్లు ఎగరాలి. చిప్పుకు అంత ఆయుష్షు లేదు. ఇంటెల్ 386 చిప్పు 1985లో వచ్చింది, 2007లో తయారీ ఆపేశారు. 22 ఏళ్లంటే చిప్పులోకంలో శతాయుష్షే, అదీ చాల్లేదు. అందుకే ఆపేస్తున్నామని కంపెనీ చెప్పగానే, ఇక ముందెప్పటికీ కావాల్సినన్ని ఒకేసారి కొని, తేమ చేరకుండా నైట్రోజన్ నింపిన అల్మరాల్లో దాచుకుంటారు. ఏడాదికి సరిపడా ఆవకాయ జాడీల్లో పెట్టుకున్నట్టే, కాకపోతే పాతికేళ్లకు.

వేడి కాఫీ ఆయుధం

2001 ఏప్రిల్ 1న హైనాన్ దగ్గర అమెరికా గూఢచారి విమానం ఈపీ-3, చైనా యుద్ధవిమానం గుద్దుకున్నాయి. చైనా పైలట్ చనిపోయాడు. దెబ్బతిన్న అమెరికా విమానం చైనా గడ్డ మీదే దిగాల్సి వచ్చింది. దిగేలోగా లోపలి రహస్యాలన్నీ నాశనం చేయాలి. 24 మంది సిబ్బంది చేతికందిన దారులన్నీ తొక్కారు. గొడ్డలితో కొట్టారు, కాగితాలు చించారు, కంప్యూటర్ల మీద వేడివేడి కాఫీ కుమ్మరించారు. ఇలాంటి అవసరాల కోసమే రహస్యాలు దాచే పెట్టెలకు ‘జీరోయిజ్’ అని ఒక మీట ఉంటుంది. నొక్కితే రహస్య సంకేతాలు క్షణంలో తుడిచిపెట్టుకుపోతాయి. పొరపాటున చెయ్యి తగలకుండా దానికి మూత కూడా పెడతారు.

బూజు పరీక్ష

చివరగా మన జేబుకు సంబంధించినది. ఫోన్ల ప్రకటనల్లో ‘మిలిటరీ గ్రేడ్’ అని చూసే ఉంటారు. వాళ్లు చెప్పేది 1962లో మొదలైన మిల్-స్టాండర్డ్-810 గురించి. అందులో చాలా పరీక్షలున్నాయి. బూజు విత్తనాలు చల్లి, చెమ్మగా వెచ్చగా ఉన్న గదిలో 28 రోజులు వదిలేయడం ఒకటి. తడిచెయ్యి పెట్టిన ఆవకాయ జాడీని మించిన పరీక్ష! అయిదు శాతం ఉప్పునీటి పొగలో ఒకరోజు తడిపి, ఒకరోజు ఆరబెట్టి, మళ్లీ తడపడం ఇంకొకటి. ఇసుకతుఫాను, తుపాకీ అదురు, చలి, వేడి సరేసరి. మన సైన్యానికి ఇలాంటిదే సొంతంగా ఉంది, పేరు జేఎస్‌ఎస్ 55555. అయిదు అయిదులు, మర్చిపోలేరు.

అన్నిటికన్నా ప్రసిద్ధమైనది పడేసే పరీక్ష. 122 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 26 సార్లు. ఆరు ముఖాలు, పన్నెండు అంచులు, ఎనిమిది మూలలు. ప్రకటనలు చెప్పని సంగతులు రెండున్నాయి. ఒకటి, ఆ 26 దెబ్బల్ని అయిదు ఫోన్ల దాకా పంచుకోవడానికి నిబంధన ఒప్పుకుంటుంది. రెండు, ఈ ప్రమాణం కింద ఫోనుకు ముద్ర వేసిచ్చే ప్రభుత్వ సంస్థ ఏదీ లేదు. పరీక్ష చేయించుకునేదీ కంపెనీయే, పాసయ్యామని చెప్పుకునేదీ కంపెనీయే. అన్ని పరీక్షలూ చేయాలన్న నియమం కూడా లేదు, నచ్చిన రెండు మూడు ఏరుకోవచ్చు.

ఈసారి దుకాణంలో కుర్రాడు ‘మిలిటరీ గ్రేడ్ సార్’ అంటే నవ్వుతూ అడగండి: ఏ పరీక్ష బాబూ, 26 దెబ్బలూ ఒక్క ఫోనే తిందా, అయిదు కలిసి తిన్నాయా?